ఉత్తరాల పెట్టె ఉచితం, కాపలా మాత్రం మనది

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోలాటం, పిల్లల నాటిక చూసి ఆనందిస్తున్న సభలో జీమెయిలును గురించి మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరినారు. పండుగపూట ఈ యంత్రాల గొడవ ఏమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చు. కాని భాష నిలిచేది పాటలలోనే కాదు, ఉత్తరాలలో కూడా. ఉత్తరం వ్రాసుకునే ఇంట భాష బ్రతుకుతుంది. ఆ ఉత్తరాలు ఇప్పుడు ఏ పెట్టెలో ఉన్నవో, ఆ పెట్టెకు తాళం ఎవరి దగ్గర ఉన్నదో తెలుసుకోవడం మన బాధ్యత. అందువలన ఇది సంస్కృతికి సంబంధించిన విషయమేనని మేము నమ్ముతున్నాము.

మన తాతల కాలం సంగతి పిల్లల కొరకు ఒక్క మాట చెబుతాము. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి, చిత్తూరు వైపు నుండి వచ్చి మలయా రబ్బరు తోటలలో, బాగన్ డాతో కొబ్బరి తోటలలో పని చేసినవారిలో చదువు వచ్చినవారు తక్కువ. ఊరి నుండి ఉత్తరం వస్తే, లైను ఇళ్ళలో చదవగలిగిన ఒక్కరి దగ్గరకు పట్టుకు వెళ్ళేవారు. ఒకరు చదివితే పదిమంది వినేవారు. తరువాత ఆ ఉత్తరం రేకు పెట్టెలో బట్టల అడుగున చేరేది. పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి ఎవరి కొంగున ఉన్నదో ఇంటిల్లిపాదికీ తెలిసేది.

నేడు మేనత్త మనుమడి పెళ్ళి శుభలేఖ, ఊరి భూమి కాగితాల నకలు, సంఘం సభ్యుల జాబితా, అన్నీ జీమెయిలుకే వస్తున్నవి. పెట్టె పెద్దదైంది. కాని తాళంచెవి ఎక్కడ ఉన్నదో ఇంటిలో రెండవ మనిషికి తెలియదు. ఇదే మేము ఈ రోజు చెప్పదలచిన ముఖ్య విషయం. మిగిలిన చిట్కాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

పెట్టె పుట్టుక

గూగుల్ సంస్థ 2004 ఏప్రిల్ 1వ తేదీన జీమెయిలును ప్రకటించింది. ఒక్కొక్కరికి ఒక గిగాబైటు చోటు ఉచితమని చెప్పేసరికి, తేదీని బట్టి చాలామంది ఇది ఏప్రిల్ ఫూలు వేళాకోళమనుకున్నారు. అప్పటికి ఇతర ఉచిత సేవలు ఇచ్చే చోటు అందులో వందల వంతు కూడా ఉండేది కాదు. మొదట పిలుపు అందినవారికే ఖాతా దొరికేది. 2007 నుండి అందరికీ తెరిచినారు. ఇప్పుడు మామూలుగా ఇచ్చే ఉచిత చోటు 15 గిగాబైట్లు. అయితే ఇది ఉత్తరాలకు మాత్రమే కాదు. గూగుల్ డ్రైవ్‌లో దాచిన కాగితాలు, 2021 జూన్ 1 తరువాత గూగుల్ ఫోటోస్‌లో చేరిన బొమ్మలు, అన్నీ కలిసి ఆ 15లోనే సర్దుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకే గాదె వంటిది.

గాదె నిండితే ఉత్తరాలు రావు, పోవు. పంపినవారికి అది తిరిగి వెళ్తుంది. మనకు ఏమీ తెలియదు. రెండేళ్ళపాటు ఆ హద్దు దాటే ఉంటే లోపలి సరుకును తీసివేసే హక్కు కూడా సంస్థ నియమాలలో ఉన్నది. కనుక చోటు ఎంత మిగిలినదో నెలకొకసారి చూడాలి. కంప్యూటరులో జీమెయిలు తెరిస్తే పేజీ అడుగున ఆ లెక్క కనబడుతుంది.

తెలుగులో వ్రాయడం

ఇక పనిముట్లకు వద్దాము. మొదటిది తెలుగు వ్రాత. 2009లో జీమెయిలు హిందీ, తమిళం, కన్నడం, మలయాళంతో పాటు తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల మీటలతో వ్రాసే వీలు కల్పించింది. ఇప్పుడు దానిని ‘ఇన్‌పుట్ టూల్స్’ అంటారు. కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, భాష అన్న చోట అన్ని భాషల ఎంపికలూ చూపమని నొక్కి, ఇన్‌పుట్ టూల్స్‌ను ఆన్ చేసి తెలుగును ఎంచుకోవాలి. అప్పుడు పేజీ పైభాగాన ఒక గుర్తు వస్తుంది. దానిని నొక్కి ‘అమ్మ’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొడితే తెలుగులో పడుతుంది. ఫోనులో జీబోర్డు అనే మీటల పలకకు తెలుగు చేర్చుకుంటే ఇదే పని జరుగుతుంది. నోటితో చెప్పినా వ్రాస్తుంది, వేలితో తెరమీద గీసినా గుర్తిస్తుంది. ‘లేఖిని’ అనే ఉచిత పనిముట్టు కూడా ఉన్నది. అందులో వ్రాసి, నకలు తీసి, ఉత్తరంలో అతికించవచ్చు.

వ్రాసిన దానిని ఒకసారి చదివి పంపాలి. యంత్రం ఊహించి వేసే మాట ఎప్పుడూ మన మాట కాదు. ‘పిన్ని’ని ‘పని’ చేస్తే నవ్వి ఊరుకుంటారు. తేదీలు, ఊళ్ళ పేర్లు తప్పితే పని చెడుతుంది.

తెలుగును బొమ్మగా కాక, అక్షరాలుగా పంపండి. కాగితం మీద వ్రాసి ఫోటో తీసి పంపితే చదవడానికి బాగానే ఉంటుంది గాని, మూడేళ్ళ తరువాత ‘పెద్దనాన్న’ అని వెదికితే అది దొరుకుతుందన్న నమ్మకం లేదు. అట్లాగే అచ్చు పనిలో వాడే అను వంటి పాత తరహా ఫాంట్లతో వ్రాసిన వ్యాసాన్ని పంపితే, ఆ ఫాంటు లేనివారి తెరమీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతవి. యూనికోడ్ పద్ధతిలో వ్రాసిన తెలుగు కౌలాలంపూరులోను, కాకినాడలోను ఒకే రూపంలో కనబడుతుంది. ప్రత్యేక సంచికకు వ్యాసాలు పంపేవారు ఈ ఒక్క నియమం పాటిస్తే సంపాదకులు మీకు ఎంతో ఋణపడి ఉంటారు.

వచ్చిన ఉత్తరం దొరకాలి

పెట్టె పెద్దదైన కొద్దీ వెదకడం కష్టమవుతుంది. జీమెయిలులో వెదికే గడి చివర ఒక చిన్న గుర్తు ఉంటుంది. దానిని నొక్కితే ఒక పత్రం తెరుచుకుంటుంది. ఎవరి నుండి వచ్చింది, ఎవరికి వెళ్ళింది, ఏ మాట ఉన్నది, ఏ తేదీ ప్రాంతంలో వచ్చింది, జతపరచిన కాగితం ఉన్నదా, ఎంత బరువుగలది, ఇవన్నీ అందులో నింపవచ్చు. బరువు అన్న చోట 10 మెగాబైట్లకు మించినవి చూపమంటే గాదెను నింపిన పెద్ద ఉత్తరాలు వరుసగా బయటపడతవి. అక్కరలేనివి తీసివేస్తే చోటు వస్తుంది. తీసివేసినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉండి తరువాత శాశ్వతంగా పోతవి. వెంటనే చోటు కావాలంటే బుట్టను మనమే ఖాళీ చేయాలి.

అదే పత్రం అడుగున ‘ఫిల్టర్’ చేయమనే మీట ఉన్నది. మా తరగతిలో మొదట నేర్పేది ఇదే. ఊరిలోని బంధువుల చిరునామాలు అందులో వ్రాసి, వారి నుండి ఏది వచ్చినా ‘ఊరు’ అనే లేబుల్ వేయమని, ఎన్నడూ స్పామ్‌లోకి పంపవద్దని రెండు గడులలో గుర్తు పెట్టాలి. స్పామ్ అనేది అనుమానపు ఉత్తరాలు వేసే కొట్టు. అక్కడ పడినది కూడా 30 రోజులలో మాయమవుతుంది. కొత్త చిరునామా నుండి మేనమామ కూతురు వ్రాసిన మొదటి ఉత్తరాన్ని యంత్రం అనుమానించవచ్చు. కనుక వారానికొకసారి ఆ కొట్టులోకి తొంగి చూడటం అలవాటు చేసుకోవాలి. 2013 నుండి ఉత్తరాలను ముఖ్యమైనవి, ప్రకటనలు, సాంఘిక మాధ్యమాలవి అని వేర్వేరు అరలలో పెట్టడం మొదలైంది. మనకు కావలసినది ప్రకటనల అరలో పడితే పట్టి ముఖ్యమైన అరలోకి లాగవచ్చు.

లేబుల్ అంటే సంచి కాదు, చీటీ. ఒకే ఉత్తరానికి ‘ఊరు’ అనీ, ‘భూమి కాగితాలు’ అనీ రెండు చీటీలు అంటించవచ్చు. ‘ఆర్కైవ్’ అంటే పారవేయడం కాదు, బల్ల మీది నుండి తీసి బీరువాలో పెట్టడం. ఈ తేడా తెలియక ప్రతి ఉత్తరాన్నీ బల్ల మీదనే ఉంచుకునేవారు కొందరు, చించివేసేవారు కొందరు. రెండూ అక్కరలేదు.

పంపే మర్యాద

ఉత్తరం తపాలా పెట్టెలో వేసిన తరువాత చేయి పెట్టి తీయలేము. జీమెయిలులో తీయవచ్చు. ‘అన్‌డూ సెండ్’ అనే ఈ సౌకర్యం 2009లో ప్రయోగంగా వచ్చి 2015లో స్థిరపడింది. సెట్టింగ్స్‌లో గడువును 5, 10, 20, 30 సెకన్లలో ఏదైనా ఎంచుకోవచ్చు. 30 పెట్టుకోండి. కోపంతో వ్రాసిన ఉత్తరానికి అర నిమిషం చాలా విలువైనది.

2019 నుండి ఫలానా సమయానికి పంపమని ముందే వ్రాసి పెట్టవచ్చు. మన గడియారం భారతదేశం కంటె రెండున్నర గంటలు ముందు. మనకు తెల్లవారు జామున మెలకువ వచ్చి పంపిన శుభాకాంక్ష అక్కడ నడిరాత్రి గంట మోగిస్తుంది. ఆ బాధ ఇక లేదు.

సంఘం కార్యదర్శులకు మూడు మాటలు. మొదటిది, సభ్యులందరికీ ఒకే ఉత్తరం పంపేటప్పుడు చిరునామాలన్నీ ‘బీసీసీ’ గడిలోనే వేయాలి. అట్లా చేస్తే ఒకరి చిరునామా మరొకరికి కనబడదు. సభ్యులు మనలను నమ్మి ఇచ్చిన చిరునామాలు వీధిన పెట్టే హక్కు మనకు లేదు. రెండవది, ఉచిత ఖాతా నుండి ఒక రోజులో 500 మందికి మించి పంపరాదు. జతపరచే కాగితాలు మొత్తం 25 మెగాబైట్లకు మించరాదు. ఉత్సవం ఫోటోలన్నీ కుక్కితే అవి డ్రైవ్‌లోకి వెళ్ళి లంకె మాత్రమే చేరుతుంది. మూడవది, ‘టెంప్లేట్స్’ అనే సౌకర్యాన్ని సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ అరలో ఆన్ చేసుకుంటే, చందా రసీదు, సభకు ఆహ్వానం వంటి వాటిని ఒకసారి మంచి తెలుగులో వ్రాసి దాచుకొని ప్రతిసారీ వాడుకోవచ్చు. ఇది కంప్యూటరులోనే సాగుతుంది.

ఇంకొక చిన్న కిటుకు. మీ చిరునామాలో ‘ఎట్’ గుర్తుకు ముందు ఒక కూడిక గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మీకే వస్తుంది. అంగడిలో ఇచ్చే చిరునామాకు ‘అంగడి’ అని, పత్రికకు ఇచ్చేదానికి ‘పత్రిక’ అని ఇంగ్లీషు అక్షరాలలో చేర్చి ఇస్తే, మీ చిరునామాను ఎవరు ఎవరికి అమ్ముకున్నారో వచ్చిన ఉత్తరమే చెబుతుంది.

అదనపు పనిముట్లు : ఊరక రారు

జీమెయిలుకు బయటివారు తయారుచేసిన అదనపు పనిముట్లు చాలా ఉన్నవి. వీటిని యాడ్-ఆన్‌లు అంటారు. 2017 నుండి జీమెయిలు లోపలనే, కుడిపక్కన కూడిక గుర్తు నొక్కి వీటిని చేర్చుకునే పద్ధతి వచ్చింది. ఇవి కాక క్రోమ్ వంటి బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్లు వేరు. జవాబు రాకపోతే గుర్తు చేసేందుకు బూమరాంగ్, ఉత్తరాన్ని గూఢలిపిలోకి మార్చి పంపేందుకు మెయిల్‌వెలోప్ ఇట్టివి. మంచివి ఉన్నవి, ఉపయోగమైనవి ఉన్నవి. కాని చేర్చే ముందు ఒక పేజీ వస్తుంది. మీ ఉత్తరాలను చదవడానికి, పంపడానికి, తీసివేయడానికి అనుమతి ఇస్తారా అని అందులో అడుగుతారు. చదవకుండా సరేనని నొక్కితే, రేకు పెట్టె తాళంచెవిని ముఖం తెలియని మనిషి చేతిలో పెట్టినట్లే.

ఊరక రారు మహానుభావులు అని మన పెద్దలు ఊరక అనలేదు. అన్‌రోల్‌మీ అనే ఉచిత సేవ ఒకటి ప్రకటనల ఉత్తరాలను వదిలించి పెడతానని వచ్చింది. లక్షలమంది చేరినారు. దాని యజమాని సంస్థ ఆ ఉత్తరాలలోని కొనుగోలు రసీదుల వివరాలను, పేర్లు తీసివేసి, వ్యాపార సంస్థలకు అమ్మినదని 2017లో పత్రికలలో వచ్చింది. వాడుకరులను తప్పుదారి పట్టించినదన్న ఆరోపణ మీద అమెరికా ప్రభుత్వ వర్తక సంఘం వేసిన వ్యవహారం 2019లో రాజీతో ముగిసింది. ఆరోపణ ఏమిటో గమనించండి. ఇంటింటి ఉత్తరాలను ముట్టుకోబోమని జనానికి నమ్మకం కలిగించి, రసీదులు మాత్రం ఏరుకున్నారని. కంచె వేయడానికి వచ్చినవాడు చేను మేసిన కథ.

అందుచేత మా తరగతిలో మూడు ప్రశ్నలు నేర్పుతాము. ఈ పని జీమెయిలు స్వయంగా చేయదా? దీనిని తయారుచేసినవారు ఎవరు, వారికి డబ్బు ఎట్లా వస్తుంది? ఇది అడిగే అనుమతి ఇది చేసే పనికి తగినంతేనా? మొదటి ప్రశ్నతోనే సగం పనిముట్లు రాలిపోతవి. ఉత్తరాన్ని ఫలానా రోజున తిరిగి ముందుకు తెచ్చే ‘స్నూజ్’ 2018లోనే వచ్చింది. ప్రకటనలు వదిలించుకోవడానికి పంపినవారి పేరు పక్కన ‘అన్‌సబ్‌స్క్రైబ్’ మీట ఉన్నది. రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు జీమెయిలు ఖాతాలకు పంపే వ్యాపారులు ఒక్క నొక్కుతో మానుకునే వీలు తప్పక ఇవ్వాలని 2024లో నియమం కూడా వచ్చింది. ఇక ఎవరి పనిముట్టు ఎందుకు?

ఇదివరకే చేర్చినవి ఉంటే, గూగుల్ ఖాతా పేజీలో భద్రత అన్న విభాగానికి వెళ్ళండి. మీ ఖాతాతో సంబంధమున్న ఇతర సంస్థల పట్టిక అక్కడ ఉంటుంది. ఎన్నడో ఆడిన ఆట, ఎన్నడో నింపిన పత్రం, అన్నీ అక్కడ కూర్చొని ఉండవచ్చు. అక్కరలేనివాటిని సాగనంపండి.

తాళం వేసి గొళ్ళెం మరువరాదు

ఇక తాళం సంగతి. ఒక్క సంకేతపదంతో ఉన్న ఖాతా, తాళం వేసి గొళ్ళెం మరచిన ఇల్లు. రెండు అంచెల పరిశీలన తప్పక పెట్టుకోవాలి. సంకేతపదం తెలిసినా, మీ ఫోనులో సరేనంటే గాని తలుపు తెరుచుకోదు. 2023 నుండి ‘పాస్‌కీ’ అనే పద్ధతి కూడా ఉన్నది. వ్రేలిముద్రతోనో, ఫోను తెరిచే అంకెలతోనో లోపలికి వెళ్ళవచ్చు, సంకేతపదం టైపు చేయనక్కరలేదు.

ఫోను పోతే ఎట్లా అన్నది పెద్దల భయం. దానికి కూడా ఉపాయం ఉన్నది. ఖాతా పేజీలో ‘బ్యాకప్ కోడ్స్’ అడిగితే 8 అంకెలవి 10 ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారే పనికి వస్తుంది. వాటిని కాగితం మీద అచ్చు వేసి, నగలు దాచే చోట దాచండి. ఫోనులోనే దాచుకుంటే ఫోనుతోనే పోతవి.

మోసగాళ్ళు తాళం పగలగొట్టరు, మన చేతనే తీయిస్తారు. ఆదాయపు పన్ను తిరిగి వస్తుందని, ఖాతా నేడు మూతబడుతుందని, అధికారిమని చెప్పి ఫోను చేస్తారు. మీకు వచ్చిన అంకెలను చెప్పమంటారు. ఆ అంకెలు అడిగినవాడు ఎవరైనా దొంగే. ఇందులో మినహాయింపు లేదు. డబ్బు పోయినట్లు తెలిస్తే మన దేశంలో 2022లో ఏర్పాటైన జాతీయ మోస నివారణ కేంద్రానికి 997 నెంబరుకు వెంటనే ఫోను చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు దాచితే డబ్బు దొరకదు.

ఖాతాలో ఎవరో చొరబడినట్లు అనుమానం వస్తే సంకేతపదం మార్చడంతో ఊరుకోరాదు. సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్స్’ అన్న రెండు అరలు చూడాలి. మనకు వచ్చే ప్రతి ఉత్తరానికీ ఒక నకలు తనకు చేరేటట్లు దొంగ అక్కడ ఏర్పాటు చేసి పోయి ఉండవచ్చు. కంప్యూటరులో పేజీ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ అన్న మాట నొక్కితే, ఈ ఖాతాను ఎప్పుడు, ఏ దేశం నుండి తెరిచినారో కూడా చూపిస్తుంది.

మన తరువాత

చివరికి వచ్చినాము. రేకు పెట్టె అయితే, మనిషి పోయినా ఇంటిలోనే ఉంటుంది. ఈ పెట్టె అట్లా కాదు. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను లోపలి ఉత్తరాలు, ఫోటోలతో సహా తీసివేయవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ సంవత్సరం డిసెంబరు నుండి అమలు మొదలుపెట్టింది. ముందుగా హెచ్చరిక పంపుతారు. కాని చదివే మనిషి లేనప్పుడు హెచ్చరిక ఎవరికి?

దీనికి ‘ఇనాక్టివ్ ఎకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటు 2013 నుండి ఉన్నది. మేము ఈ ప్రసంగంలో మీకు ఒక్క పనిముట్టే గుర్తుండాలని కోరుకుంటే, అది ఇదే. గూగుల్ ఖాతాలోకి వెళ్ళి ఈ పేరుతో వెదకండి. ఎన్ని నెలలు మన అలికిడి లేకపోతే ఇంటివారికి కబురు పెట్టాలో చెప్పాలి: 3, 6, 12, 18 నెలలలో ఏదైనా సరే. 10 మంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. ఎవరికి ఏవి చూపాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. ఉత్తరాలు పెద్ద కొడుకుకు, ఫోటోలు చిన్న కూతురుకు. గడువు తీరగానే వారికి ఉత్తరం వెళ్తుంది, వారు మూడు నెలలలోపల నకలు దింపుకోవచ్చు. పది నిమిషాల పని. వీలునామా వ్రాయడానికి భయపడే పెద్దలు కూడా దీనికి భయపడనక్కరలేదు. ఇందులో లాయరు లేడు, స్టాంపు లేదు.

బ్రతికి ఉండగా నకలు తీసుకోవడానికి ‘టేకౌట్’ ఉన్నది. 2011లో వచ్చింది. ఖాతాలోని ఉత్తరాలన్నిటినీ మూటగట్టి ఇస్తుంది. ‘ఊరు’ అనే లేబుల్ ఉన్నవి మాత్రమే కావాలన్నా ఇస్తుంది. లేబుల్ వేయమని మేము ఇంతగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. ఆ మూటను థండర్‌బర్డ్ వంటి ఉచిత పనిముట్టుతో తెరిచి చదవవచ్చు. ఏడాదికొకసారి, ఉగాదికి ఇల్లు దులిపినప్పుడు, ఈ మూట కూడా కట్టి ఒక చిన్న డిస్కులో దాచండి.

సంఘాల మాట కూడా చెప్పి ముగిస్తాము. మన వంటి సంఘాలలో ఉత్తరాలు తరచుగా కార్యదర్శి సొంత ఖాతాకే వస్తవి. ఆయన నిజాయితీపరుడే, కష్టపడే మనిషే. కాని ఆయన ఊరు మారితే, జబ్బు పడితే, కాలం చేస్తే, సంఘం ఉత్తరాలన్నీ ఆయన ఫోనుతో పాటు మూతబడతవి. ఆయన బిడ్డలు దుఃఖంలో ఉండగా సంకేతపదం అడగడానికి ఎవరికి నోరు వస్తుంది? కనుక సంఘం పేర ఒక ఖాతా వేరుగా ఉండాలి. సంకేతపదం పదిమందికి పంచనక్కరలేదు. సెట్టింగ్స్‌లో ‘డెలిగేట్’ను చేర్చే వీలు ఉన్నది. ఉచిత ఖాతాకు 10 మంది వరకు చేర్చవచ్చు. వారు తమ తమ ఖాతాల నుండే సంఘం ఉత్తరాలు చదివి జవాబు వ్రాయవచ్చు, సంకేతపదం మాత్రం మార్చలేరు. పదవి ముగిసిన రోజు వారి పేరు తీసివేస్తే చాలు. ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చే ఫోను నెంబరు అధ్యక్షులది, రెండవ చిరునామా కోశాధికారిది పెట్టండి. బ్యాకప్ కోడ్స్ కాగితాన్ని కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, సంఘం దస్తావేజులతో పాటు దాచండి. కొత్త కార్యవర్గానికి లెక్కల పుస్తకం అప్పగించినప్పుడు ఈ కవరును కూడా అప్పగించినట్లు మినిట్సు పుస్తకంలో వ్రాసుకోండి.

మా తరగతికి తాతలు, మనుమలు కలిసి వస్తారు. మనుమడికి మీటలు తెలుసు, మాటలు తెలియవు. తాతకు మాటలు తెలుసు, మీటలు తెలియవు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే, ఒక గంటలో ఊరికి ఒక తెలుగు ఉత్తరం వెళ్తుంది. ‘చిరంజీవి’ ఎవరికి వ్రాయాలో, ‘పూజ్యులైన’ ఎవరికి వ్రాయాలో ఆ గంటలో పిల్లవాడు నేర్చుకుంటాడు. తాళం ఎట్లా వేయాలో తాత నేర్చుకుంటాడు. మేము ఎన్ని పాఠాలు చెప్పినా ఇంతకు మించి చెప్పలేము.

కనుక మా మనవి ఏమనగా, ఈ వారంలోనే ప్రతి ఇంటిలో మూడు పనులు జరగాలి. రెండు అంచెల తాళం పెట్టాలి. మన తరువాత పెట్టె ఎవరిదో వారి పేరు వ్రాయాలి. ఊరిలో మిగిలిన ఒక్క బంధువుకైనా తెలుగులో ఒక ఉత్తరం పంపాలి. మొదటి రెండు పనులకు సహాయం కావలసినవారు సాయంకాల తరగతికి ఫోను, కళ్ళజోడు తీసుకొని రండి. మూడవ పనికి సహాయం కావలసినవారు పిల్లలను కూడా తీసుకొని రండి.